నన్ను బయట కూర్చోబెట్టిన క్లినిక్‌కి నాలుగు స్టార్లు

నాలుగు నెలల క్రితం రాసి ఉంటే ఈ క్లినిక్‌కి ఒక్క స్టారే ఇచ్చేదాన్ని. సున్నా ఇవ్వడానికి కుదరదు కాబట్టి ఆ ఒక్కటైనా.

మా వాడికి పదహారేళ్ళు. మూడు వారాలుగా దగ్గు తగ్గడం లేదని తీసుకెళ్ళాను. ఎత్తు, బరువు, బీపీ చూశాక సిస్టర్ నా వైపు తిరిగి, "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి. ఈ వయసు పిల్లలందరితో ఓ పది నిమిషాలు విడిగా మాట్లాడతాం" అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. వాడికి ఏ మందు పడదో, ఏ టీకా ఎప్పుడు వేయించామో నాకు తెలుసు గానీ వాడికేం తెలుసు? అయినా దగ్గుకి రహస్యాలేమిటి? పది నిమిషాలన్నది ఇరవై అయింది. తర్వాత డాక్టర్ గారు ఛాతీ పరీక్ష చేసి, మందు రాసి, పది రోజులాగి రమ్మన్నారు. లోపల ఏం మాట్లాడారని సిస్టర్‌ని అడిగితే, "బాబే చెప్తాడమ్మా, కాస్త టైమివ్వండి" అన్నారు.

రెండోసారి వెళ్ళినప్పుడూ నన్ను బయటే కూర్చోబెట్టారు. ఆ తర్వాత రెండు రోజులకి, రాత్రి నేను బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని చెప్పాడు. ఏడాదిగా సిగరెట్ తాగుతున్నాడట. రోజుకి నాలుగైదు. నాతో ఎలా మొదలుపెట్టాలో కూడా సిస్టరే ఒకటికి రెండుసార్లు అనిపించి పంపారట.

కోపం ముందు వచ్చింది వాడి మీద కాదు, ఆవిడ మీద. పన్నెండు రోజులు తెలిసీ నాకు చెప్పలేదని మర్నాడే వెళ్ళి నిలదీశాను. ఆవిడ తడుముకోలేదు. "మీకు చెప్పేస్తానని తెలిస్తే నాకు చెప్పేవాడు కాదు కదమ్మా. ప్రాణం మీదికొచ్చే సంగతైతే దాచం, ఆ మాట బాబుకి మొదటే చెప్పాను" అన్నారు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఇంకొకటి గుర్తొచ్చింది. అంతకుముందు మేము వెళ్ళే వేరే చోట డాక్టర్ గారు కూడా వాణ్ణి అడిగారు, నేను పక్కన కూర్చుని ఉండగానే, "సిగరెట్లేమైనా అలవాటున్నాయా?" అని. "లేదండీ" అన్నాడు. ఇంకేమంటాడు? ఆయన లేదు అని రాసుకున్నారు. ఆ ఏడాదిలోనే మూడుసార్లు దగ్గుకి వెళ్ళాం.

ఇక్కడ సిస్టర్ అడిగిన తీరు వేరు (ఇదంతా వాడు తర్వాత చెప్పిందే, వాణ్ణి అడిగే రాస్తున్నా). ముందు ఫ్రెండ్స్‌లో ఎవరైనా తాగుతారా అన్నారట. తర్వాత, నువ్వెప్పుడైనా ట్రై చేశావా అని. ఈ-సిగరెట్ గురించి విడిగా అడిగారట, ఎందుకంటే అది పీల్చే పిల్లలు చాలామంది తాము స్మోకింగ్ చేస్తున్నట్టే అనుకోరు, సిగరెట్ అని అడిగితే నిజాయితీగానే లేదంటారు. అన్నిటికంటే ముఖ్యంగా, పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తావని. లేచిన అరగంటలోపే కావాలనిపిస్తే, రోజుకి తాగేది కొన్నే అయినా శరీరం దానికి బాగా అలవాటు పడిందని అర్థమట. మా వాడు బస్ ఎక్కేలోపే తాగేవాడు. నేను టిఫిన్ బాక్స్ సర్దుతున్నప్పుడు, చూడండి.

క్యాన్సర్ బొమ్మలేవీ చూపించలేదు. ఓ కాగితం మీద కొండలూ లోయల్లా ఒక గీత గీశారు. దమ్ము లాగిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది, సుమారు రెండు గంటల్లో ఒంట్లో సగానికి పడిపోతుంది. అలా పడిపోతున్నప్పుడే చిరాకు, ఆందోళన, చదువు మీద మనసు నిలవకపోవడం. మళ్ళీ వెలిగిస్తే తగ్గుతుంది. "టెన్షన్ తగ్గడానికి తాగుతున్నా అన్నావు కదా, అందులో సగం టెన్షన్ ఇంతకుముందు తాగిన సిగరెట్ తెచ్చిందే" అన్నారట. ఆ కాగితం ఇప్పటికీ వాడి టేబుల్ మీదుంది. మా ఆయన దాన్ని తీసి చాలాసేపు చూశారు. ఆయన సంగతి తర్వాత చెప్తాను.

ఊదే మెషీన్ ఒకటుంది. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చెప్తుంది. మొదటిసారి 11 వచ్చింది, మానేశాక 2. అంకె తగ్గడం చూస్తే మా వాడికి మార్కులొచ్చినంత సంబరం. అయితే ఈ-సిగరెట్ పీల్చేవాళ్ళని ఆ మెషీన్ పట్టదు, ఈ మాట సిస్టరే చెప్పారు.

సిగరెట్ మానడానికి వాడే నికోటిన్ బిళ్ళలో, ఒంటికి అంటించే పట్టీలో రాసివ్వమని డాక్టర్ గారిని నేనే అడిగాను. 18 ఏళ్ళలోపు వాళ్ళలో అవి బాగా పనిచేస్తాయనడానికి ఆధారాలు అంత గట్టిగా లేవని, ముందు మాటలతో చూద్దామని అన్నారు. మానేసే తేదీ వాడినే పెట్టుకోమన్నారు. మొదటి రెండు మూడు రోజులే గట్టిగా ఉంటుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుందని ముందే చెప్పడం వల్ల నేను కొంచెం నిలదొక్కుకున్నాను. ఆ మూడు రోజులూ ఇంట్లో తలుపులు ఎన్నిసార్లు దభాల్న పడ్డాయో! మానేశాక దగ్గు కొన్నాళ్ళు పెరిగింది కూడా. ఊపిరితిత్తులు తమని తాము శుభ్రం చేసుకుంటాయట. ఇది తెలియకపోతే నేను ఎక్స్‌రే అని పరిగెత్తేదాన్ని.

పరీక్షలప్పుడు రెండు తాగాడు. వాడే వెళ్ళి చెప్పాడు. సిస్టర్ తిట్టలేదు, ఆ రోజు ఏం జరిగింది, పక్కనెవరున్నారు, ఇంకోసారి అదే జరిగితే ఏం చేస్తావు అని అడిగారట. నేనైతే ఏం చేసేదాన్నో రాయను.

ఇక మా ఆయన. "ఇంట్లో ఇంకెవరు తాగుతారు?" అని సిస్టర్ నన్నే అడిగారు ఒకసారి. ఆయన బాల్కనీలోనే తాగుతారండీ, లోపల కాదు అన్నాను. సిస్టర్ ఏమీ అనలేదు, రాసుకున్నారంతే. నాకే తల కొట్టేసినట్టయింది. ఆయనకి అపాయింట్‌మెంట్ రెండుసార్లు తీసుకున్నాను, రెండుసార్లూ ఆఫీసు పనన్నారు. ఇందులో క్లినిక్ తప్పేమీ లేదు, స్టార్లు తగ్గించడం లేదు.

తగ్గించింది వేరే వాటికి. మానేసిన మూడో రోజు ఫోన్ చేస్తామన్నారు, చేశారు. తర్వాతి వారం చేస్తామన్నది మాత్రం చేయలేదు. మేమే చేస్తే సిస్టర్ సెలవన్నారు. ఆవిడ లేకపోతే ఈ పని చూసే వేరే మనిషి లేరు. అన్నీ ఒక్కరి భుజాల మీదే నడుస్తున్నాయి, ఆవిడ బదిలీ అయితే ఏమిటో. టైమింగ్స్ కూడా అన్నీ స్కూలు వేళల్లోనే.

అసలు కోపం తెప్పించింది రిసెప్షన్. లోపల అంత గుట్టుగా ఉంచిన విషయాన్ని, నిండా జనమున్న హాల్లో "సిగరెట్ మానే బాబు ఎవరూ?" అని కేకేశారు. మా వాడు లేచి నిలబడలేదు. రెండోసారి పిలిచినా కదల్లేదు. ఇంటికెళ్ళిపోదామన్నాడు. సిస్టర్ బయటికొచ్చి పేరు పెట్టి పిలిస్తేనే లేచాడు. ఫిర్యాదు చేశాను, సారీ చెప్పారు, మార్చారో లేదో తెలీదు. మీరు వెళ్తే కౌంటర్ దగ్గర "ఫాలో అప్" అని మాత్రం చెప్పండి. మిగతాది లోపలికి వెళ్ళి తలుపు వేశాకే.