ఆదిలాబాద్ నుంచి కామారెడ్డి దాకా: సైకిల్ మీద 190 కిలోమీటర్లు

శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి సైకిల్ మీద బయలుదేరాక అది 22వ రోజు. ముందు రోజు సాయంత్రమే పెన్‌గంగ వంతెన దాటి తెలంగాణలోకి వచ్చాను. మూడు వారాలుగా పంజాబీ, హిందీ, మరాఠీ బోర్డులే చూశానేమో, మొదటి తెలుగు బోర్డు కనబడగానే బండి ఆపి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆదిలాబాద్‌లో దిగింది బస్టాండ్ దగ్గర ఓ చిన్న లాడ్జి. గది తీసుకునే ముందు నేను ఎక్కడైనా అడిగేది ఒకటే: సైకిల్ లోపల పెట్టుకోనిస్తారా? అద్దె, ఏసీ అన్నీ ఆ తర్వాతే. బండి బయట ఉంటే నాకు నిద్ర పట్టదు. అక్కడి మేనేజర్ మారుమాట లేకుండా పాత గోనెపట్టా ఒకటి తెచ్చి మంచం పక్కన పరిచాడు. "మట్టి దీని మీద పడ్తది సార్, లోపల్నే పెట్టుకోండి" అన్నాడు. గది 700 రూపాయలు. గోడలకు రంగు వెలిసింది, దుప్పటి మాత్రం ఉతికినదే. డిసెంబర్ చలిలో తెల్లవారుజామున నాలుగున్నరకే బకెట్ నిండా వేడినీళ్లు గుమ్మం ముందుకు వచ్చాయి. ఈ టూర్‌లో నాకు బాగా నచ్చిన మూడు నాలుగు బసల్లో ఇదొకటి.

ఐదున్నరకు లైట్లు వేసుకుని బయలుదేరాను. 44వ నంబర్ జాతీయ రహదారి ఇక్కడ నాలుగు వరుసలు, పక్కన సైకిల్‌కు సరిపడా జాగా ఉంటుంది. సైకిల్‌కు టోల్ లేదు, ఎడమ చివర నుంచి వెళ్లిపోవచ్చు. పత్తి సీజన్ కావడంతో పైదాకా నింపిన లారీలు వరసగా ఎదురొస్తున్నాయి. వాటి నుంచి ఎగిరిన దూది రోడ్డు పక్క తుమ్మ కొమ్మలకు చిక్కుకుని, ఎండ పడగానే పూలు పూసినట్టు కనిపించింది. ఆ పింజలే వచ్చి నా చైన్‌లోనూ ఇరుక్కుంటుంటే రెండుసార్లు ఆగి లాగాల్సి వచ్చింది. మెత్తగా, తెల్లగా ఉన్న ఒక పింజను ముందు సంచిలో వేసుకున్నాను, ఎందుకో తెలియదు.

ఇచ్చోడలో అటుకుల ఉప్మా, మిర్చి, రెండు చాయ్‌లు. మహారాష్ట్ర రుచి ఇంకా వదలని టిఫిన్, వేడివేడిగా బాగుంది. నేరడిగొండ నుంచి కుంటాల జలపాతానికి దారి చీలుతుంది. వెళ్లాలని ఎంతో ఉన్నా ఇంత దూరం పెట్టుకున్న రోజున కుదరదు. దాని కోసమే ఒక పూట ఉంచుకోండి. తర్వాత టేకు అడవి మధ్య ఘాట్ దిగుతుంటే చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేమీ లేదు.

హైవే నిర్మల్‌ను తప్పించుకుని పోతుంది. నేను పని పెట్టుకుని ఊళ్లోకి వెళ్లాను. సామాన్లన్నీ గ్రాముల్లో లెక్కపెట్టుకునే మనిషి కొనుక్కోదగ్గ బొమ్మ ఉంటే అది నిర్మల్ బొమ్మే. దాన్ని చెక్కే పొణికి కర్ర అంత తేలిక. అరచేతిలో ఇమిడే పిట్టను కొన్నాను. రెక్క మీద పసుపు గీత వెంట్రుక మందాన, ఎక్కడా వణుకు లేకుండా ఉంది.

సోన్ దగ్గర గోదావరి వంతెన దాటాక అసలు కష్టం మొదలైంది. బాల్కొండ దాటేసరికి వెనక టైరు మెత్తబడింది. ట్యూబ్ మార్చాను. ఆరేడు కిలోమీటర్లకే మళ్లీ గాలి పోయింది. రెండో ట్యూబ్ కూడా వేశాను, అదీ నిలవలేదు. మధ్యాహ్నం మూడైంది, ఇంకా 70 కిలోమీటర్లు ఉంది, టెన్షన్ మొదలైంది. నెట్టుకుంటూ పెర్కిట్ చేరాను. అక్కడ రేకుల షెడ్డులో ఒక ముసలాయన పంక్చర్లు వేస్తున్నాడు. నా ట్యూబ్ సన్న వాల్వ్ చూసి "గిది నా పంపుకు పట్టది బిడ్డా" అన్నాడు. నా పంపు ఉందన్నాను.

టైరు లోపల వేలితో తడిమాడు, ఏమీ తగల్లేదు. "జర దూది ఉన్నదా?" అని అడిగాడు. పొద్దున్నే సంచిలో వేసుకున్న పింజ గుర్తొచ్చి తీసి ఇచ్చాను. దాన్ని టైరు లోపల చుట్టూ నెమ్మదిగా రాసుకుంటూ పోయాడు. ఒకచోట రెండు పోగులు పట్టుకుని ఆగాయి. అక్కడ పటకారుతో లాగితే సూది మొన అంత ఇనప తీగ బయటికొచ్చింది. పేలిపోయిన లారీ టైర్లలోంచి రాలే తీగ అది, హైవే అంచున ఎక్కడ చూసినా ఉంటుంది. ట్యూబులు మూడింటికీ ప్యాచీ వేసి 60 రూపాయలు అడిగాడు. "వంద ఉంచు కాకా" అంటే నలభై తిరిగిచ్చేదాకా ఒప్పుకోలేదు.

ఆర్మూర్ రాళ్ల గుట్టలు, పసుపు చేలు చూస్తూ తొక్కాను. అంకాపూర్ నాటుకోడి బోర్డులు ఊరించాయి, కానీ అంత భారం తిని మళ్లీ పెడల్ వేయలేం. పప్పన్నంతో సరిపెట్టుకున్నాను. ఇందల్వాయి టోల్ ప్లాజా దగ్గర మరుగుదొడ్డి, తాగే నీళ్లు రెండూ దొరికాయి. దారిలో ఒక పెట్రోల్ బంకులో మాత్రం మరుగుదొడ్డికి తాళం వేసి తాళంచెవి లేదన్నారు. రోజంతా రోడ్డు మీద ఉండేవాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు అది చిన్న విషయం కాదు. హైవే మీద ఏ ఆపదొచ్చినా 1033కి ఫోన్ చేయొచ్చు, నంబర్ రాసి పెట్టుకోండి.

చీకటి పడ్డాక అడవి దాటడం నా తప్పే. ఇంకోసారి వస్తే ఆర్మూర్‌లోనే ఆగుతాను, ఈ దారిని రెండు రోజులు చేస్తాను. కామారెడ్డి చేరేసరికి ఎనిమిదైంది. ఫోన్లో మాట్లాడి పెట్టుకున్న లాడ్జిలో సైకిల్ లోపలికి రాదన్నారు, రోడ్డు మీద వదిలేయమన్నారు. ముందే అడిగానని చెప్పినా వినలేదు. 190 కిలోమీటర్లు తొక్కి వచ్చి ఆ మెట్ల మీద నిలబడితే ఏడుపొచ్చినంత పనైంది.

రెండు వీధుల అవతల ఇంకో లాడ్జి. గది 900, ఫ్యాన్ చప్పుడు, బాత్రూమ్ తలుపు సరిగ్గా పడదు. కౌంటర్ దగ్గర అబ్బాయి బియ్యం బస్తాలు పక్కకు జరిపి, స్టోర్ రూమ్‌లో సైకిల్ పెట్టించి, తాళంచెవి నా చేతికే ఇచ్చాడు. "పొద్దుగాల ఎన్నింటికి పోతవ్ అన్నా?" అని అడిగాడు. ఆరింటికన్నాను. తెల్లారి ఆరింటికి వాడే లేచి షట్టర్ తీశాడు.