ఇంట్లో ఫొటో ఎడిటింగ్‌కి లాప్‌టాప్ మేలా, డెస్క్‌టాప్ మేలా?

పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, కొత్తగా కెమెరా కొన్నవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే. "అన్నా, యాభై వేలున్నాయి, ఎడిటింగ్‌కి ఏ సిస్టమ్ తీసుకోమంటావ్?" మొన్న గుంటూరు బ్రాడీపేటలో టీ తాగుతుంటే ఒక తమ్ముడు అడిగాడు, ఆ సాయంత్రమే ఇంకొకరు ఫోన్ చేసి అడిగారు. పోయిన నెల నేను కూడా పాత లాప్‌టాప్ పక్కన పెట్టి వేరే సిస్టమ్ కొన్నాను. అందుకే నాకు తెలిసింది ఒకచోట రాస్తున్నాను.

అందరూ ముందు ప్రాసెసర్ దగ్గరే ఆగిపోతారు. ఇంటెల్ ఐ5 తీసుకోవాలా, ఏఎండీ రైజెన్ 5 తీసుకోవాలా అని. గత ఐదారేళ్లలో వచ్చిన వాటిలో ఏదైనా ఫొటోలకు చాలు. ర్యామ్ 16 జీబీ ఉండాలి, విండోస్, లైట్‌రూమ్ (ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) క్యాటలాగ్ ఎస్‌ఎస్‌డీలో, అంటే వేగంగా నడిచే డిస్క్‌లో ఉండాలి. ఇవి కుదిరాక నేను చూసేది స్క్రీన్ ఒక్కటే.

ఎందుకో చెప్తాను. రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో మిర్చి కల్లాల్లో ఫొటోలు తీశాను. తేజ రకం కాయలు, ఎండలో మిలమిలా మెరుస్తున్నాయి. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో తెరిస్తే కాయలన్నీ ఇటుక రంగులో కనిపించాయి. కెమెరాలో ఏదో తేడా ఉందనుకుని, కల్లంలో చూసిన ఎరుపు వచ్చేదాకా శాచురేషన్ (రంగుల గాఢత) పెంచుకుంటూ పోయాను. తీరా అదే ఫొటో ఫోన్లో చూస్తే ఎర్రటి ముద్ద. కాయకీ కాయకీ మధ్య నీడ లేదు, తొడిమ దగ్గర ముడతలు లేవు. అప్పటికీ నాకు సంగతి అర్థం కాలేదు. ఆ వేసవిలో మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్ ఆల్బమ్ కూడా అదే స్క్రీన్ మీద చేశాను. ల్యాబ్ నుంచి ప్రింట్ వచ్చాక చూస్తే పిల్ల బుగ్గలు కందిపోయినట్టున్నాయి, మామిడిపండు రంగు పట్టు లంగా నారింజలోకి తిరిగింది. ల్యాబ్ వాళ్లు తమ స్క్రీన్ మీద ఫైలు తెరిచి చూపించారు. తప్పు నాదే. 24 షీట్లు మళ్లీ వేయించాను.

యాభై వేల లోపు లాప్‌టాప్‌లలో చాలావాటికి స్పెసిఫికేషన్‌లో '45% ఎన్‌టీఎస్‌సీ' అని ఉంటుంది. స్క్రీన్ ఎన్ని రంగులు చూపించగలదో చెప్పే అంకె అది. మనకు కావాల్సింది ఎస్‌ఆర్‌జీబీ, అంటే ఫొటోలకు మామూలుగా వాడే రంగుల కొలత. అందులో ఈ స్క్రీన్ చూపించేది సుమారు 62 శాతం. అంటే మూడో వంతుకు పైగా రంగులు ఆ స్క్రీన్ చూపించలేదు. ఎరుపుల్లో ఆ లోటు బాగా తెలుస్తుంది. మన ఫొటోల్లో కుంకుమ, పారాణి, పెళ్లికూతురి చీర, ఆ పైన చర్మం రంగు, అన్నీ ఆ వైపే కదా. అదే '72% ఎన్‌టీఎస్‌సీ' అనో '100% ఎస్‌ఆర్‌జీబీ' అనో ఉంటే ఇబ్బంది లేదు. కొనే మోడల్ పేరుతో కంపెనీ సైట్‌లో ఈ అంకె చూడండి. షాపులో అడిగితే 'ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్' అంటారు. మొదటిది స్క్రీన్‌లో చుక్కల లెక్క, రెండోది ప్యానెల్ రకం. ఆ రెండూ ఉన్నా రంగులు తక్కువ ఉండొచ్చు.

లాప్‌టాప్‌కి ఉన్న మంచిని కాదనను. ఫంక్షన్ హాల్లోనే కార్డు కాపీ చేసుకోవచ్చు, కరెంటు పోయినా పని ఆగదు, అద్దె ఇంట్లో టేబుల్ వెతుక్కోవాల్సిన పని లేదు. వారంలో నాలుగు రోజులు తిరిగేవాళ్లకు అదే కావాలి. అలాంటివాళ్లు గ్రాఫిక్స్ కార్డు తక్కువదైనా ఫర్వాలేదు, 100% ఎస్‌ఆర్‌జీబీ స్క్రీన్ ఉన్నదే తీసుకోండి. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. 8 జీబీ మోడల్ అయితే అది ముందే కనుక్కోండి.

ఇంట్లో కూర్చుని చేసుకునే పనికి మాత్రం నేను డెస్క్‌టాప్ వైపే. డబ్బు తక్కువుంటే ఆఫీసుల్లో వాడి తీసేసిన సిస్టమ్‌లు మంచి బేరం. నేను కొన్నది అదే: ఐ5 8500, 2018 నాటిది, ఆరు కోర్లు. ర్యామ్ 16 చేయించి, కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించేసరికి 24 వేలు అయింది. 24 అంగుళాల కొత్త ఐపీఎస్ మానిటర్, 99% ఎస్‌ఆర్‌జీబీ, 11 వేలు. యూపీఎస్ 3 వేలు. మొత్తం 38 వేలు. మిగిలిన 12 వేలు బ్యాకప్ హార్డ్‌డిస్క్‌కి ఉంచాను. 24 మెగాపిక్సెల్ రా ఫైలు (కెమెరా దిద్దకుండా ఇచ్చే అసలు ఫైలు) ఒక్కోటి పాతిక నుంచి ముప్పై ఎంబీ. ఒక ఫంక్షన్‌లో 1500 నొక్కితే 40 జీబీకి అటూ ఇటూ అవుతుంది, రెండు కాపీలు పెట్టుకోక తప్పదు.

పాతది కొనేటప్పుడు ఒక్క సంగతి మరవద్దు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ జనరేషన్ (ఐ5 8500లో మొదటి 8 అదే) నుంచే. 12 వేలకే వస్తోందని 6వ జనరేషన్ కొనకండి. ఇంకో లోటు, లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్ (తక్కువ వెలుగులో తీసిన ఫొటోల్లో గరుకు తీసేసేది) గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఒక్కో ఫొటోకి నిమిషాలు తీసుకుంటుంది. నేను రాత్రి పడుకునే ముందు వరసలో పెట్టేస్తాను. రిసెప్షన్ ఫొటోలు వందల్లో డీనాయిస్ చేసేవాళ్లకు ఇది కుదరదు. వాళ్లు కొత్త అసెంబుల్డ్ సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కార్డు వేయించుకోవడం మేలు. కాకపోతే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఏ రోజు కొటేషన్ ఆ రోజే తీసుకోవాలి.

ఇంకాస్త పెట్టగలిగితే యాపిల్ వాళ్ల చిన్న డెస్క్‌టాప్, ఎం4 మ్యాక్ మినీ ఉంది. 2024 నవంబర్‌లో 59,900కి వచ్చింది, 16 జీబీ మెమరీతో. డీనాయిస్‌లో నా సిస్టమ్‌ని చాలా దూరంలో వదిలేస్తుంది, మే నెల ఎండల్లో కూడా ఫ్యాన్ చప్పుడు పెద్దగా వినపడదు. కానీ స్టోరేజ్ 256 జీబీయే, మెమరీ తర్వాత పెంచలేం, మానిటర్ మళ్లీ మనమే కొనుక్కోవాలి. అక్కడ కక్కుర్తి పడి పాత టీఎన్ రకం (పక్కనుంచి చూస్తే రంగులు మారిపోయే) మానిటర్ తగిలిస్తే అరవై వేలు పెట్టీ మళ్లీ ఇటుక రంగు మిరపకాయలే చూడాలి.

ఆల్ ఇన్ వన్‌లు (మానిటర్‌లోనే కంప్యూటర్ ఇమిడి ఉండేవి) వద్దు. స్క్రీన్ పోయినా, బోర్డు పోయినా మొత్తం మూలన పడుతుంది. టాబ్లెట్ రీల్స్‌కి సరే, ఆల్బమ్‌కి కాదు.

ఏది కొన్నా షాపుకి పెన్‌డ్రైవ్‌లో మీ ఫొటోలు నాలుగు తీసుకెళ్లండి. వాటిలో ఒకటి ఇదివరకే ప్రింట్ వేయించి బాగా వచ్చినదై ఉండాలి, ఆ ప్రింటూ చేతిలో ఉండాలి. స్క్రీన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, ప్రింట్ పక్కన పట్టుకుని చూడండి. జడలో మల్లెపూలు రేకు రేకుగా కనిపిస్తున్నాయా, తెల్లగా కలిసిపోయాయా? నల్లటి జుట్టులో పాయలు విడిగా ఉన్నాయా? తర్వాత తల అటూ ఇటూ జరపండి. ముఖం రంగు మారితే ఆ స్క్రీన్ వదిలేయండి. విజయవాడ గవర్నర్‌పేటలో నేను ఇలా మూడు మానిటర్లు పక్కన పెట్టాక నాలుగోది తీసుకున్నాను, షాపాయన విసుక్కోలేదు. పైగా ఆ ప్రింట్ చేతిలోకి తీసుకుని తనూ పోల్చి చూశాడు.