చూడలేని మ్యాచ్‌కు పది పౌండ్ల టికెట్

మెరైన్ అనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ వర్చువల్ టికెట్, ధర 10 పౌండ్లు. కొన్నది 2021 జనవరిలో, రివ్యూ మాత్రం ఇప్పుడు రాస్తున్నా, ఎందుకంటే ఈ సరుకు పనిచేసిందో లేదో తేలడానికే ఏళ్లు పట్టింది.

లివర్‌పూల్ పక్కన క్రాస్బీలో ఉండే మెరైన్ అప్పట్లో ఇంగ్లండ్ లీగుల్లో పై నుంచి ఎనిమిదో అంచెలో ఆడేది. గ్రౌండ్ ఎంత చిన్నదంటే ఒక పక్కన ఇళ్ల పెరళ్లే హద్దు. చిన్నా పెద్దా క్లబ్బులన్నీ ఆడే నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్ మూడో రౌండ్‌లో అక్కడికే మొదటి అంచె క్లబ్ టోటెన్‌హామ్ ఆడటానికి వచ్చింది, కానీ కోవిడ్ వల్ల జనాన్ని రానివ్వలేదు. గేటు డబ్బు మొత్తం పోయినట్టే అనుకుంటుంటే క్లబ్ ఈ టికెట్ పెట్టింది. కొన్నా లోపలికి వెళ్లలేం, మ్యాచ్ ఎలాగూ బీబీసీలో ఉచితం. "లేని సీటుకు డబ్బులు కడతావేంట్రా" అని మా గుంటూరు రూమ్మేట్ ఒకటే నవ్వు (రాత్రికి వాడూ ఒకటి కొన్నాడనుకోండి). మొత్తం 30 వేలకు పైగా అమ్ముడయ్యాయి, అంటే 3 లక్షల పౌండ్లు దాటింది. ఆట 0-5తో పోయింది, కానీ ఇంకా 0-0 ఉండగా మెరైన్ ఆటగాడు నీల్ కెంగ్ని కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలింది చూడండి, నా పది పౌండ్లు అక్కడే వసూలు.

ఆ తర్వాత 2023లో, 2024లో వరసగా రెండు ప్రమోషన్లు, ఆరో అంచెకు చేరారు. అంతా ఆ డబ్బు మహిమే అనను. ఇలాంటి డబ్బు ఒక్కసారే వస్తుంది, దాన్ని చూసుకుని ఆటగాళ్ల జీతాలు పెంచితే పండగ బోనస్ చూసి కొత్త ఈఎంఐ పెట్టుకున్నట్టే. 2005లో ఎక్సెటర్ సిటీ ఐదో అంచెలో ఉంటూ ఇదే కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో వాళ్ల గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే 0-0 డ్రా చేసి, రీప్లేలో (డ్రా అయితే మళ్లీ ఆడే మ్యాచ్) సొంత గ్రౌండ్‌లో ఓడింది, కానీ ఆ రెండు మ్యాచ్‌ల డబ్బు అప్పుల కిందికి వెళ్లింది, అప్పటికే క్లబ్ అభిమానుల ట్రస్టు చేతిలో ఉంది మరి. 2008లో మళ్లీ పై నాలుగు అంచెల్లోకి, మరుసటి ఏడాదే ఇంకో మెట్టు పైకి. అదే 2008లో పేరున్న క్లబ్ లీడ్స్‌ను కప్పులో ఓడించిన చిన్న క్లబ్ హిస్టన్ 2011కల్లా కింది అంచెకు జారిపోయింది. పేరొచ్చినంత మాత్రాన నిలబడరు.

నాకు ఒళ్లు మండేది ఒక్కటే, 2024-25 నుంచి ఫస్ట్ రౌండ్ దగ్గర్నుంచే రీప్లేలు తీసేశారు. ఇప్పుడైతే ఎక్సెటర్‌కు ఆ రెండో మ్యాచ్ డబ్బు వచ్చేదే కాదు.

ఐదుకు నాలుగు స్టార్లు. ఒకటి టోటెన్‌హామ్ ఐదు గోల్స్ కొట్టినందుకు కోశాను. మళ్లీ అమ్మితే మళ్లీ కొంటాను, గేటు తీస్తే ఈసారి వెళ్తాను కూడా.