తెల్ల ఎల్ఈడీ బల్బులు: రెండున్నరేళ్లు వాడి తీసేశాను

మాది 2012 మోడల్ చిన్న కారు. హెడ్‌లైట్లలో కంపెనీ ఇచ్చినవి హెచ్4 హాలోజన్ బల్బులు, 60/55 వాట్లవి. దూరం చూపించే హైబీమ్‌కు 60, కిందికి వంగి దగ్గర చూపించే లోబీమ్‌కు 55. పసుపుపచ్చ వెలుతురు. తిరుపతిలో తిరిగినన్నాళ్లూ దాని గురించి ఆలోచించిందే లేదు, వీధిలైట్లే సరిపోయేవి. కానీ మా అత్తగారి ఊరు దామలచెరువు దగ్గర. నెలలో రెండు మూడు ఆదివారాలు అక్కడికి వెళ్లడం, రాత్రి భోజనం అయ్యాక బయల్దేరి రావడం. చంద్రగిరి దగ్గరికొస్తే పెద్ద రోడ్డు, మధ్యలో డివైడర్, ఇబ్బంది లేదు. అంతకుముందు పాకాల చుట్టుపక్కల రోడ్లే చీకటి. రెండు వైపులా మామిడి తోపులు, ఎదురుగా వచ్చే బండికీ మనకీ మధ్య ఒక తెల్లగీత, అదీ కొన్నిచోట్ల చెరిగిపోయి.

అందుకని 2022లో ఒక జత ఎల్ఈడీ బల్బులు వేయించాను. 2,800 రూపాయలు. డబ్బా మీద 6,000 కెల్విన్ అని ఉంది, అంటే పాలలాంటి తెలుపు. కంపెనీ పేరు రాయను.

మొదటి రాత్రి సంబరపడ్డాను, దాచేదేముంది. మైలురాళ్ల మీద అక్షరాలు దూరం నుంచే కనిపించాయి. తోపు అంచున కుక్క కళ్లు మెరిశాయి. ఇన్నాళ్లూ గుడ్డిగా నడిపానా అనిపించింది. ఈ సమీక్ష ఆ వారంలోనే రాసి ఉంటే ఐదుకు ఐదు ఇచ్చేవాణ్ని.

చిన్న చిన్న లోపాలు తర్వాత బయటపడ్డాయి. బల్బు వెనక చల్లబరచడానికి చిన్న ఫ్యాను ఉంటుంది, దానివల్ల రబ్బరు మూత సరిగ్గా పట్టలేదు. మొదటి వానలకే హెడ్‌లైటు లోపల తేమ చేరింది. లైటు వేస్తే ఎఫ్ఎంలో గరగర. పద్నాలుగు నెలలకు ఎడమవైపుది మిణుకుమిణుకుమని ఆరిపోయింది, వారంటీ అప్పటికే అయిపోయింది, ఇంకోటి కొన్నాను. వానలో తడిసిన తారురోడ్డు మీద ఆ తెల్ల వెలుతురు ఏమైపోతుందో తెలియదు, గుంత ఏదో నీళ్లు ఏవో తేడా కనిపించదు. పాత పసుపు వెలుతురే ఆ పూట నయం అనిపించేది. ఇవన్నీ సర్దుకోగలిగినవే. తీసేసింది వీటికోసం కాదు.

బల్బులు వేయించిన దగ్గర్నుంచీ ఎదుటి బండ్లవాళ్లు నాకు డిప్పు కొట్టడం, అంటే 'లైటు దించు' అని హెడ్‌లైటు వేసి ఆర్పడం, ఎక్కువైంది. నేను లోబీమ్‌లోనే వస్తున్నాను కదా, వీళ్లకేం పుట్టింది అనుకునేవాణ్ని. కోపమొచ్చి ఒక్కసారి హైబీమ్ వేసి చూపించేవాణ్ని, 'ఇదయ్యా హైబీమ్ అంటే, ఇందాకటిది లోబీమే' అన్నట్టు. అవతలివాడు ఊరుకుంటాడా, వాడూ వేసేవాడు. ఇద్దరం కళ్లు మూసుకుని ఒకరినొకరు దాటుకునేవాళ్లం. ఇంటికొచ్చి మా ఆవిడతో 'ఈ జిల్లాలో ఎవరికీ లైటు డిమ్ చేయడం రాదు' అని చెప్పేవాణ్ని. రెండేళ్లు ఇదే పాట.

మూడో ఏడు జూన్‌లో మా మామగారి తోతాపురి కాయ కోశారు. కాయ ట్రాక్టరు పల్ప్ ఫ్యాక్టరీ బయట వరసలో ఆగింది. సీజన్‌లో చిత్తూరు వైపు ఎవరైనా చూసే ఉంటారు, ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు పొడవునా ట్రాక్టర్లు, రాత్రంతా కాపలా. చాలావాటికి వెనక లైటూ ఉండదు, రిఫ్లెక్టరూ ఉండదు. మా ట్రాక్టరు వెనక మామగారు ఫోను టార్చి వెలిగించి నిలబడ్డారు, పక్కన నేను. మా బావమరిది ఇంటినుంచి క్యారేజీ తీసుకుని నా కారులో వస్తున్నాడు.

మలుపు తిరిగి ఒక బండి మా ముఖాల మీదికే వెలుతురు కుమ్మరించుకుంటూ వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకుని "ఎవడ్రా వాడు హైబీమ్ వేసుకొని!" అని అరిచాను. బండి ఆగింది. నాదే. తలుపు తీసి చూశాను, మీట లోబీమ్‌లోనే ఉంది.

అప్పుడు ఇంకోటి గమనించాను. ఆ వెలుతురు పడ్డాక రెండు మూడు క్షణాలపాటు పక్కనే ఉన్న మామగారు నాకు కనిపించలేదు. ఆయన చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోతుంది. అంటే నేను ఎవరి కళ్లలో లైటు కొట్టి దాటిపోయానో, వాళ్లు ఆ తర్వాతి 30 నుంచి 50 మీటర్లు ఏమీ చూడకుండా నడిపారన్నమాట. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయిన మా మామగారు "ఏందబ్బా ఈ లైటు, నాకింకా మసగ్గానే ఉండాది" అని చాలాసేపు కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. అతను కారును గోడకెదురుగా పెట్టించి, ఒకవైపు నా పాత హాలోజన్ బల్బు వేసి, రెండోవైపు ఎల్ఈడీ అలాగే ఉంచాడు. హాలోజన్ వైపు గోడ మీద గీత గీసినట్టు వెలుతురు ఆగింది, ఎడమ పక్కన కాస్త పైకి లేచింది, అది రోడ్డంచు కనిపించడానికి. ఎల్ఈడీ వైపు గీత లేదు, గోడంతా మచ్చలు మచ్చలుగా పైదాకా వెలుగు. హాలోజన్ బల్బులో లోబీమ్ తీగ కింద గిన్నెలాంటి చిన్న రేకు ఉంటుంది. వెలుతురు బల్బు చుట్టూ ఉండే రిఫ్లెక్టరు అద్దం కింది సగం మీద పడకుండా అది ఆపుతుంది, అందుకే కాంతి పైకి పోదు. ఎల్ఈడీలో కాంతి వచ్చేది సన్నటి తీగ నుంచి కాదు, మందపాటి పట్టీకి రెండు పక్కల అతికించిన చిప్పుల నుంచి. ఆ తీగ కోసం కొలిచి చేసిన అద్దంలో వీటిని పెడితే వెలుతురు చెదిరిపోతుంది. "బల్బు తప్పు కాదునా, ఈ బుడ్డికి అది సెట్ కాదు" అన్నాడు. మొదటినుంచీ ఎల్ఈడీ హెడ్‌లైట్లతోనే తయారైన కొత్త కార్ల సంగతి వేరు, వాటికి అద్దాలూ లెన్సులూ ఆ లెక్కతోనే చేస్తారు.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో దీనికో కొలత కూడా ఉంది. దీపం ముందు 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి వెలుతురు మిరుమిట్లు కొట్టకూడదు. దాదాపు నిలబడ్డ మనిషి కన్ను ఎత్తు. ట్రాక్టరు వెనక నాకు జరిగింది ఆ పరీక్షే.

ఇప్పుడు మళ్లీ హాలోజన్. ఎక్కువ వాట్లవి కాదు, అవే 60/55. పసుపుబారిన హెడ్‌లైటు పైమూతను పాలిష్ పట్టించాను, ముందద్దం లోపలివైపు పేరుకున్న మసక పొరను న్యూస్‌పేపరుతో తుడుస్తున్నాను. ఎల్ఈడీ ఇచ్చిన లాభంలో సగం ఈ రెండు పనులతోనే వచ్చింది, ఖర్చు నాలుగు వందలు దాటలేదు. మధ్యలో పసుపు రంగు 'నైట్ డ్రైవింగ్' కళ్లద్దాలు కూడా కొన్నాను, వాటి గురించి రాయడం దండగ. ఉన్న చీకటికి ఇంకాస్త చీకటి.

అసలు సిసలు సంగతి డ్యాష్‌బోర్డు కింద ఉన్న, హెడ్‌లైటు వెలుతురును పైకీ కిందికీ జరిపే చిన్న చక్రం. 0 నుంచి 3 దాకా అంకెలుంటాయి, పదేళ్లలో నేను ముట్టుకోలేదు. అత్తగారింటి నుంచి వచ్చేటప్పుడు వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో బియ్యం మూట, మామిడికాయల బుట్ట. వెనక దిగుతుంది, మూతి లేస్తుంది, లైటు చెట్ల కొమ్మల మీద పడుతుంది. చక్రం 2కి తిప్పితే మళ్లీ రోడ్డు మీదికి దిగుతుంది.

హాలోజన్‌కు మారాక నష్టం లేదా అంటే ఉంది. దూరం కనిపించదు. పాకాల దాటేదాకా 80లో వచ్చేవాణ్ని, ఇప్పుడు 60 దాటను, కాస్త ఎక్కువ సమయం పడుతుంది. పెరటాసి నెలలో (తమిళుల పురట్టాసి, సెప్టెంబరు-అక్టోబరు) మాత్రం ఆ 60 కూడా ఎక్కువే. పసుపు బట్టలు కట్టుకుని చెప్పుల్లేకుండా తిరుమల కొండకు నడిచేవాళ్లు గుంపులుగా రోడ్డంచున వస్తుంటారు. హైబీమ్ వేస్తే వాళ్లు చేతులు అడ్డం పెట్టుకుని తడబడతారు, ఒక్కోసారి రోడ్డు మీదికే అడుగేస్తారు. వాళ్ల దగ్గర డిమ్ చేసి నెమ్మదిగా పోవడమే. మనిషి కోసం కూడా డిమ్ చేయాలని నాకు ఇదివరకు తట్టలేదు, బండికే అనుకునేవాణ్ని.

తిరుమల ఘాట్‌లో ఈ గొడవ తక్కువ, ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. వెనకవాడి లైటు అద్దంలో పడటం ఒక్కటే బాధ, దానికి లోపలి అద్దం కింద చిన్న మీట ఉంది, వంచితే చాలు.

ఎదుటివాళ్లు డిప్పు కొట్టడం దాదాపు ఆగిపోయింది. ఇరుకు రోడ్డులో ఎదురొచ్చే లారీవాళ్లు కుడి ఇండికేటరు వేస్తారు, 'నా బండి ఇక్కడిదాకా ఉంది' అని. ఇప్పుడు అది నాకు కనిపిస్తోంది, నేనూ వేస్తున్నాను.

హాలోజన్ బల్బు చెప్పకుండా పోతుంది కాబట్టి డ్యాష్‌బోర్డులో ఒకటి స్పేర్ ఉంచుకోండి. మార్చేటప్పుడు గాజును వేళ్లతో పట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటితే అక్కడే వేడెక్కి చెడిపోతుంది. నేను దాన్ని మా మామగారి పాత చేతిరుమాల్లో చుట్టి పెట్టాను, ఆయన ఇప్పటికీ అది ఎక్కడ పోయిందా అని వెతుకుతున్నారు.