ఓపెన్ ఏఎఫ్‌ఎస్‌లో ఫైల్ సర్వర్ల చిరునామాల నిర్వహణ: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

గజపతి జిల్లా పర్లాకిమిడిలోనూ, రాయగడ జిల్లా గుణుపురంలోనూ ఉన్న మా రెండు ప్రాంగణాలకు ఉమ్మడి ఫైల్ వ్యవస్థగా ఓపెన్ ఏఎఫ్‌ఎస్‌ను 2016 నుంచి నేనే నడుపుతున్నాను. మా సర్వర్లలో ఉన్నవి సవర పాటల, కథల ఆడియో రికార్డింగులు, పాత తెలుగు, ఒడియా తాళపత్రాల స్కాన్లు. గిడుగు రామమూర్తి గారు సవర భాష మీద పనికి పూనుకొన్నది ఈ పర్లాకిమిడిలోనే కనుక, ఈ భాండారం ఒక్క పూట అందకపోయినా నాకు మనసు నిలవదు. ఈ వ్యవస్థ వేగాన్నీ, భద్రతనూ గురించి ఇక్కడ రాయడం లేదు. ఏ ఫైల్ సర్వరు ఏ ఐపీ చిరునామాలో ఉన్నదో ఇది ఎలా గుర్తుపెట్టుకుంటుంది, ఆ నమోదులను మనం ఎలా చూసుకోవాలి అన్న ఒక్క విషయానికే పరిమితమవుతాను. తొమ్మిదేళ్లలో నన్ను ఎక్కువగా మెప్పించినదీ, ఒకసారి గట్టిగా ఏడిపించినదీ ఈ భాగమే.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1980లలో ఆండ్రూ ప్రాజెక్టుగా పుట్టి, 2000లో ఐబీఎం మూల కోడును బయటపెట్టడంతో ఓపెన్ ఏఎఫ్‌ఎస్‌గా మారిన ఈ వ్యవస్థలో, వాడుకరికి సర్వరు పేరుతో పని ఉండదు. అతడు తెరిచే ఫోల్డరు ఉన్న వాల్యూమ్, అంటే ఒకే మూటగా ఉంచిన ఫైళ్ల సముదాయం, ఏ సర్వరులో ఉన్నదో వాల్యూమ్ లొకేషన్ డేటాబేస్, అంటే వీఎల్‌డీబీ, చెబుతుంది. దీని నిర్మాణంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. వాల్యూమ్ నమోదులో సర్వరు చిరునామా ఉండదు, ఒక వరుస సంఖ్య మాత్రమే ఉంటుంది. ఆ సంఖ్యకు ఎదురుగా సర్వర్ల పట్టికలో చిరునామాలు ఉంటాయి. అందువల్ల వందల వాల్యూములున్న సర్వరుకు చిరునామా మారినా దిద్దవలసింది ఒక్క చోటే.

ఆ దిద్దుబాటు కూడా చాలావరకు మన చేతి పని కాదు. ఫైల్ సర్వరు మొదటిసారి లేచినప్పుడు తనకొక యూయూఐడీని, అంటే మరే సర్వరుకూ ఉండని గుర్తింపు సంఖ్యను, తయారు చేసుకొని 'సిస్‌ఐడీ' అనే చిన్న ఫైలులో దాచుకుంటుంది. ఆ తరువాత లేచిన ప్రతిసారీ 'ఈ యూయూఐడీ నాది, ఈ రోజు నా చిరునామాలు ఇవి' అని వీఎల్‌డీబీలో నమోదు చేసుకుంటుంది. గుణుపురంలో మాకు లైను ఇచ్చే సంస్థ ఒకసారి చిరునామాల వరుస మొత్తాన్ని మార్చినప్పుడు నేను చేసిందల్లా యంత్రానికి కొత్త చిరునామా ఇచ్చి, ఫైల్ సర్వరును మళ్లీ ఆరంభించడమే. పట్టికలోని చిరునామాలను చూపే 'వోస్ లిస్ట్‌అడ్రస్' ఆదేశం ఇస్తే పాత చిరునామా పోయి కొత్తది వచ్చి ఉంది. వాడుకరుల దగ్గరి క్లయింట్ యంత్రాలు వాల్యూముల ఆచూకీని కొంతసేపు తమ దగ్గర అట్టే పెట్టుకుంటాయి కనుక, ఆగలేని రెండు మూడు చోట్ల, ఆ ఆచూకీని మళ్లీ కొత్తగా అడిగించే 'ఎఫ్‌ఎస్ చెక్‌వాల్యూమ్స్' ఇచ్చాను. అంతటితో పని ముగిసింది.

అయితే ఇదే ఏర్పాటు 2019 మొదట్లో నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా జిల్లాను ఊడ్చేసిన తరువాత, ఒక్క సర్వరు మీద ఆధారపడరాదని నిశ్చయించుకొని రెండో యంత్రాన్ని తెప్పించాము. పని త్వరగా తెమలాలన్న ఆత్రంలో పాత యంత్రం సిస్టమ్ డిస్కును యథాతథంగా కొత్తదానిలోకి కాపీ చేశాను. దానితోపాటు సిస్‌ఐడీ కూడా వెళ్లిందన్న ఆలోచనే నాకు రాలేదు. కొత్త యంత్రం లేవగానే అదే యూయూఐడీతో తన చిరునామాను నమోదు చేసుకుంది, పాత యంత్రం చిరునామా పట్టికలోంచి తప్పుకుంది. ఆ సాయంత్రం గుణుపురం నుంచి ఒక పరిశోధక విద్యార్థి ఫోను చేసి, 'సార్, సవర పాటల ఫోల్డరు అసలు తెరుచుకోవడం లేదండి' అన్నాడు. డిస్కు చూశాను, బాగానే ఉంది. వాల్యూమ్ చూశాను, అదీ బాగానే ఉంది. పాత సర్వరును మళ్లీ ఆరంభిస్తే ఫోల్డరు తెరుచుకుంది. మర్నాడు కొత్త యంత్రాన్ని మళ్లీ ఆరంభించగానే మాయమైంది. ఏది చివర లేస్తే పట్టిక దానివైపు తిరుగుతోందని అర్థం కావడానికి నాకు రెండో రోజు మధ్యాహ్నం దాకా పట్టింది. 'వోస్ లిస్ట్‌అడ్రస్'కు 'ప్రింట్‌యూయూఐడీ' జోడించి చూసి, ఆ పొడవాటి అక్షరాల వరుసను రెండు యంత్రాల సిస్‌ఐడీలతో పోల్చుకున్నప్పుడు గానీ నా తప్పు నాకు కనబడలేదు.

దిద్దుకోవడంలో వరుస ముఖ్యం. మొదట కొత్త యంత్రంలో ఫైల్ సర్వరును పూర్తిగా ఆపాను. తరువాత పాతదాన్ని మళ్లీ ఆరంభించి, దాని చిరునామా దాని యూయూఐడీ కిందకు తిరిగి వచ్చిందని చూసుకున్నాను. ఆ పిమ్మటే కొత్త యంత్రంలోని సిస్‌ఐడీని తొలగించి ఆరంభించాను. అది తనకు వేరే యూయూఐడీ చేసుకొని, పట్టికలో వేరే వరుసగా చేరింది. వర్చువల్ యంత్రాలను నకలు తీసి వాడేవారు ఈ రోజుల్లో మరీ ఎక్కువ కాబట్టి, నకలులోని సిస్‌ఐడీని మొదటి ఆరంభానికి ముందే తీసివేయండని గట్టిగా చెబుతున్నాను.

ఆదేశాల పేర్ల విషయంలో నాకు అసంతృప్తి ఉంది. 'వోస్ చేంజ్‌అడ్రస్' అన్న పేరు చూసిన ఎవరైనా చిరునామా మార్చడానికి అదే సాధనమని అనుకుంటారు. యూయూఐడీతో తమంతట తాము నమోదయ్యే నేటి సర్వర్లకు దానితో ఆ అవసరం లేదు. వాడుక మానేసిన సర్వరు వరుసను పట్టికలోంచి తీసివేయడానికే నాకు అది అక్కరకు వచ్చింది. ఆ తీసివేతలోనూ అది జాగ్రత్త పాటిస్తుంది. సర్వరును ఏ వాల్యూమ్ నమోదైనా ఇంకా చూపుతుంటే ఒప్పుకోదు. మా పాత యంత్రాన్ని విరమించినప్పుడు అది ససేమిరా అన్నది. ఆ సర్వరు పేరుతో 'వోస్ లిస్ట్‌వీఎల్‌డీబీ' ఇచ్చి చూస్తే, నేను మరచిపోయిన ఒక రీడ్-ఓన్లీ ప్రతి (చదవడానికి మాత్రమే ఉంచిన వాల్యూమ్ నకలు) నమోదు మిగిలి ఉంది. 'వోస్ రెమ్‌సైట్'తో దాన్ని తొలగించిన తరువాతే వరుస పోయింది. ఆ నిరాకరణను నేను లోపంగా లెక్కించను, అది లేకపోతే ఆ ప్రతి గాలిలో వేలాడేది.

రెండు నెట్‌వర్క్ కార్డులున్న సర్వర్ల వారు ఏ చిరునామాలు నమోదు కావాలో చెప్పే నెట్‌ఇన్ఫో, ఏవి కాకూడదో చెప్పే నెట్‌రిస్ట్రిక్ట్ ఫైళ్లను తప్పక తెలుసుకోవాలి. మా పర్లాకిమిడి సర్వరుకు బ్యాకప్ కోసం విడిగా ఒక కార్డు ఉంది. ఆ చిరునామా కూడా పట్టికలో చేరడంతో, దాన్ని ఎన్నటికీ చేరలేని గుణుపురం క్లయింట్లు అక్కడే తలుపు తట్టి ఆగిపోయేవి. ఆ చిరునామాను నెట్‌రిస్ట్రిక్ట్‌లో రాసి ఫైల్ సర్వరును మళ్లీ ఆరంభించాక ఆ ఆలస్యం పోయింది. ఫైలు దిద్దితే చాలదు, సర్వరు మళ్లీ లేస్తేనే నమోదు మారుతుంది.

వీఎల్‌డీబీ వంటి పట్టికలను ఉంచే డేటాబేస్ సర్వర్ల చిరునామాలు మార్చడం మాత్రం ఇంత తేలిక కాదు. అక్కడ యూయూఐడీ ఆదుకోదు. ప్రతి సర్వరులోనూ డేటాబేస్ సర్వర్ల జాబితా అయిన సెల్‌సర్వ్‌డీబీ ఫైలును దిద్దాలి, క్లయింట్లలోనూ దిద్దాలి లేదా డీఎన్‌ఎస్‌లో (నెట్‌వర్క్ పేర్ల పట్టికలో) ఆ సర్వర్ల ఆచూకీ చెప్పే ఎస్‌ఆర్‌వీ రికార్డులు పెట్టుకోవాలి. పైగా డేటాబేస్ సర్వర్లు తమలో ఒకదాన్ని ప్రధాన సర్వరుగా ఎంచుకునే ఎన్నికలో అన్నింటికంటే చిన్న ఐపీ చిరునామా గల డేటాబేస్ సర్వరుకు కాస్త అదనపు మొగ్గు ఉంటుంది కాబట్టి, కొత్త చిరునామా ఎంచుకునేటప్పుడు అది కూడా చూసుకోవాలి. మేము పర్లాకిమిడిలోని నమ్మకమైన యంత్రానికే ఆ చిన్న చిరునామాను ఉంచుకున్నాము.

ఈ పట్టిక పాత తరం ఐపీవీ4 చిరునామాలను మాత్రమే మోయగలదన్నది నా పెద్ద ఫిర్యాదు, అందులో ఒక సర్వరుకు పదిహేనుకు మించి పట్టవు. మాకు పదిహేను ఎక్కువే కానీ, కొత్త తరం ఐపీవీ6 లేకపోవడం ఏటేటా బరువవుతోంది. అయినా మా స్థాయి సంస్థకు దీన్ని వదులుకోవాలని నాకు ఇంతవరకు అనిపించలేదు. యూయూఐడీలతో కూడిన లిస్ట్‌అడ్రస్ ఫలితాన్ని ప్రతి మార్పు తరువాతా ముద్రించి రెండు ప్రాంగణాల్లోనూ సర్వరు ర్యాకు తలుపు లోపలి వైపు అంటిస్తున్నాను. గుణుపురం తలుపు మీద ఇప్పుడున్నది ఆరో కాగితం.