ఉజ్బెకిస్తాన్‌లో ఉండటానికి ఫ్లాట్ అద్దెకు తీసుకుంటున్నారా? మీ పేర్ల రిజిస్ట్రేషన్ సంగతి తేలాకే డబ్బు కట్టండి

మా అమ్మాయి సమర్‌కంద్‌లో మెడిసిన్ చదువుతోంది. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. వాళ్లను చూడటానికి వెళ్లే అమ్మానాన్నల కోసమే ఇది రాస్తున్నాను. మేము పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదు.

నేను, మా ఆవిడ, మా అమ్మ ముగ్గురం వెళ్లాం. ఈ-వీసాలు ఇంట్లో కూర్చునే తీసుకున్నాం, ఒక్కొక్కరికి 20 డాలర్లు. ఢిల్లీ నుంచి తాష్కెంట్, అక్కడి నుంచి అఫ్రోసియోబ్ రైల్లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. అమ్మకు షుగర్, బయటి తిండి పడదు. వంటిల్లు ఉంటే పప్పు, అన్నం వండిపెట్టవచ్చని హోటల్ వద్దనుకుని, ఒక బుకింగ్ యాప్‌లో ఎనిమిది రాత్రులకు ఫ్లాట్ తీసుకున్నాం. డబ్బు మొత్తం ముందే కట్టాం.

ఇల్లు ఫొటోల్లో చూపించినట్టే ఉంది, దానికి వంక పెట్టను. రోజూ పొద్దున్నే సియాబ్ బజార్‌కు వెళ్లి కూరగాయలు తెచ్చుకునేవాళ్లం. ఓనరు మేము దిగిన రోజే టెలిగ్రామ్‌లో మా పాస్‌పోర్టుల ఫొటోలు అడిగి తీసుకున్నాడు. "రిజిస్ట్రేషన్ చేస్తారా?" అని, అంటే మేము అక్కడ ఉంటున్నట్టు ప్రభుత్వ రికార్డులో మా పేర్లు ఎక్కిస్తారా అని మా అమ్మాయి అడిగితే "నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ మాట నమ్మి ఊరుకున్నాం. రిజిస్ట్రేషన్ అయినట్టు చీటీ ఏదని మళ్లీ అడగలేదు.

తొమ్మిదో రోజు బుఖారా వెళ్లాం. హోటల్ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మా పాస్‌పోర్టులు తిరగేసి, దేశంలోకి వచ్చిన స్టాంపు మీద తేదీ చూసి, "ఇన్ని రోజులు ఎక్కడున్నారు? ఆ కాగితాలేవి?" అని అడిగింది. వీసా చూపించాను. అది కాదంది. కంప్యూటర్‌లో వెతికితే మా ముగ్గురి పేర్లూ ఎక్కడా లేవు. ఎనిమిది రోజులు సమర్‌కంద్‌లో ఉన్నట్టు రికార్డే లేదు. ఈ లోటు సరిచేసుకోకుండా గది ఇస్తే తమకూ ఇబ్బందేనని ఆమె చెప్పింది. ప్రయాణంలో అలసిపోయిన మా అమ్మ సోఫాలో కూర్చుని, "ఏమైందిరా, మనల్ని పట్టుకుంటారా?" అని అడుగుతుంటే నా గుండె తరుక్కుపోయింది.

అక్కడి రూల్ ఇది. వీసా వేరు, రిజిస్ట్రేషన్ వేరు. వీసా దేశంలోకి రావడానికి. వచ్చాక మీరు ఉండే చోట మూడు రోజుల్లోగా మీ పేరు నమోదు కావాలి. ఊరు మారి ఇంకోచోట దిగితే అక్కడ మళ్లీ చేయాలి. దీనికి ఈ-మెహ్మాన్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ఉంది. మెహ్మాన్ అంటే అతిథి, మన హైదరాబాద్‌లో మెహమాన్ అన్నట్టే. హోటల్‌లో దిగితే వాళ్లే పాస్‌పోర్టు చూసి చేసేస్తారు, మనకు తెలియను కూడా తెలియదు. ప్రైవేటు ఇల్లయితే ఆ బాధ్యత ఇంటి ఓనరుది. కానీ అతను చేయకపోతే జరిమానా అతనికే కాదు, మనకూ పడుతుంది. వ్యవహారం ముదిరితే దేశం నుంచి పంపించే అధికారం కూడా వాళ్లకుంది.

మా అమ్మాయి ఓనరుకు ఫోన్ మీద ఫోన్ చేసింది. ఎత్తలేదు. రాత్రికి మెసేజ్ పెట్టాడు: రిజిస్ట్రేషన్‌కు మనిషికి ఇంత అని వేరే డబ్బు ఇవ్వాలట, ఆ విషయం మేమే అడిగి ఉండాల్సిందట! ఈ వ్యవస్థలో పేరు ఎక్కిస్తే అతిథుల మీద రాత్రికి ఇంత అని పన్ను కట్టాలి, అద్దె ఆదాయమూ బయటపడుతుంది. దాచాడంటే కారణం అదేనని నేను అనుకుంటున్నాను.

మర్నాడంతా మైగ్రేషన్ ఆఫీసులోనే గడిచింది. పాత తరం వాళ్లు ఇప్పటికీ ఆ ఆఫీసును ఓవీర్ అంటారు, సోవియట్ కాలం నాటి పేరు. రైలు టికెట్లు, యాప్ బుకింగ్ కాగితం, ఓనరుతో నడిచిన మెసేజ్‌లు అన్నీ చూపించాం. మా అమ్మాయికి భాష వచ్చు కాబట్టి సరిపోయింది. అధికారులు మర్యాదగానే మాట్లాడారు. అయినా జరిమానా తప్పలేదు. హోటల్ బదులు ఫ్లాట్ తీసుకుని మిగిల్చిన డబ్బు కంటే అదే ఎక్కువైంది. 1127లో కట్టిన కల్యాన్ మినార్‌ను పగలు చూపిస్తానని అమ్మకు మాటిచ్చాను. చివరికి చీకటి పడ్డాక దీపాల వెలుగులో ఐదు నిమిషాలు చూసి వచ్చాం.

యాప్ వాళ్లకు ఫిర్యాదు చేస్తే, స్థానిక చట్టాలు పాటించే బాధ్యత ఓనరుదే, తాము మధ్యవర్తులం మాత్రమే అన్నారు. రూపాయి వెనక్కి రాలేదు.

కాబట్టి డబ్బు కట్టకముందే, ఈ-మెహ్మాన్‌లో అందరి పేర్లూ ఎక్కిస్తారా, దానికి వేరే డబ్బు తీసుకుంటారా అని రాతలో అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట పనికిరాదు. దిగిన రోజే చీటీ తీసుకుని పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీలు సరిచూసుకోండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక ఉంటుంది, కొందరికి ఆ గడే ఖాళీ. అక్షరం కూడా తేడా రాకూడదు. చీటీలు, రైలు టికెట్లు దేశం దాటేవరకు పారేయకండి.

పిల్లల గదిలోనే ఉందామనుకునే వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పిల్లలకు రిజిస్ట్రేషన్ ఉంది కదా అంటే అది వాళ్లకే, మీకు వర్తించదు. ఆ ఇంటి ఓనరు మీ పేరు మీద విడిగా చేయాలి.

అల్మాటీ వెళ్లేవాళ్లకూ ఒక మాట. కజకిస్తాన్‌లో 2022 జూలై నుంచి మనకు 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు. అయినా మీరు వచ్చారని మీకు బస ఇచ్చినవాళ్లు మూడు పనిదినాల్లోగా మైగ్రేషన్ వాళ్లకు తెలియజేయాలి. అక్కడా ఓనరును అడగండి.

ఉజ్బెక్ ఓనరుకు పంపాల్సిన మొదటి మెసేజ్ మా అమ్మాయి నేర్పింది: "రెగిస్త్రాత్సియా కిలాసిజ్మి?" రిజిస్ట్రేషన్ చేస్తారా అని అర్థం. దానికి "హా" అని రాతలో జవాబు వస్తేనే బుక్ చేయండి.