మిలిటరీ డిస్పోజల్ డీ80 డోజర్: తిరిగింది తక్కువ, నిలబడింది ఎక్కువ

డిస్పోజల్ డోజర్, అంటే సైన్యం వాడి అమ్మేసిన డోజర్, అమ్మేవాళ్లు మొదట చూపించేది అవర్ మీటరు (ఇంజన్ తిరిగిన గంటల లెక్క). బండి వయసు పాతికేళ్లు, మీటర్లో గంటలు చూస్తే క్వారీ బండి రెండు మూడేళ్లలో తిరిగేసేటన్ని. ఆ మీటరు అబద్ధం చెప్పదు గానీ సగమే చెబుతుంది. క్వారీ బండి అరిగి పాడవుతుంది, సైన్యం డిపోలో ఉన్న బండి నిలబడి పాడవుతుంది. సీళ్లు గట్టిపడతాయి, ఆయిల్లోకి నీరు చేరుతుంది, పిన్నులు బుష్‌లలో పట్టేస్తాయి. ఇవేవీ మీటర్లో పడవు. ఈ డీ80 మీద మా మాట ఒక్కటే: ఇంజన్ పోయిన బండైనా కొనొచ్చు, చైను (బండి కింద తిరిగే ఇనుప పట్టా) పోయింది కొనకూడదు.

బండి సంగతి. బీఈఎంఎల్ డీ80ఏ-12, కొమాట్సు లైసెన్సుతో కేజీఎఫ్‌లో తయారైన మోడల్. సైన్యం ఇంజనీర్లూ, సరిహద్దు రోడ్లు వేసేవాళ్లూ ఏళ్ల తరబడి వాడిందే. ఇరవై టన్నులు దాటిన బరువు, 180 హెచ్‌పీ తరగతి, కమిన్స్ ఎన్‌హెచ్-220 ఇంజన్. క్లచ్ పని తప్పించే టార్క్ కన్వర్టర్ లేదు, మెయిన్ క్లచ్ లివరు లాగి గేరు మార్చాలి. అనకాపల్లి క్వారీల్లో ఓవర్ బర్డెన్ (రాయి మీది మట్టి) తొయ్యడానికైనా, అచ్యుతాపురం వైపు లేఅవుట్లు చదును చెయ్యడానికైనా దీని తోపుకి వంక పెట్టలేం. వంక ఆపరేటర్ల దగ్గర వస్తుంది. జాయ్‌స్టిక్ ఎక్స్‌కవేటర్లకి అలవాటుపడ్డ కుర్రాళ్లు దీని లివర్లు పట్టుకోరు. పాత చెయ్యి దొరికాకే బండి కొనండి.

ఇలాంటి బండ్లు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి ప్రభుత్వ వేలం సంస్థ ఎంఎస్‌టీసీ ఈ-వేలం, రెండోది పశ్చిమ బెంగాల్లోని పానాగఢ్ లాంటి డిస్పోజల్ మార్కెట్లు. వేలంలో సరుకు ఉన్నచోటే, ఉన్నది ఉన్నట్టే. తర్వాత ఫిర్యాదు చెల్లదు. లాటు వివరణలో బ్యాటరీ, సెల్ఫ్, డైనమో ఉన్నాయని రాయకపోతే లేవనే అనుకోవాలి. హెచ్చుపాట మీదే అయినా కొన్నిసార్లు అమ్మేవాళ్ల ఆమోదం వచ్చేదాకా ఆగాలి. వాళ్లు చెప్పిన గడువులో సరుకు ఎత్తకపోతే గ్రౌండ్ రెంట్ (స్థలం అద్దె) పడుతుంది. కేంద్ర ప్రభుత్వ శాఖలు అమ్మే పాత సామానుకి, కొనేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 2017 అక్టోబరు నుంచి పన్ను రివర్స్ చార్జిలో కొన్నవారే కట్టాలి. పాట రేటు వేసుకునేటప్పుడు చాలామంది దీన్ని మర్చిపోతారు. ఇరవై టన్నుల ఇనుము కాబట్టి తుక్కు వ్యాపారులు కూడా పాటకి వస్తారు. తుక్కు రేటుకి కాస్త పైన దొరికితేనే బేరం. అంతకు మించి ఎగబాకితే వదిలేయడమే.

తనిఖీ రోజున డిపో లోపలికి ఫోను రానివ్వకపోవచ్చు. ఫొటోల మీద ఆధారపడకుండా కాగితం, పెన్ను, టేపు, టార్చిలైటు, స్పానర్లు, నాలుగు ఖాళీ సీసాలు పట్టుకెళ్లండి.

ముందు చైను. నాలుగు లింకుల పొడవు, అంటే ఒక పిన్ను మధ్య నుంచి ఐదో పిన్ను మధ్య దాకా కొలవాలి. చైను బిగుతుగా లాగి ఉన్నప్పుడే ఆ కొలతకి విలువ. సడలిన చైను మీద కొలిస్తే కొత్తదిలాగే కనిపిస్తుంది. బండి కదలకపోతే స్ప్రాకెట్ (చైనుని తిప్పే పళ్ల చక్రం) దంతంలో ఒక పిన్ను ఇరికించి, ఐడ్లర్ (రెండో కొసన ఉండే చక్రం) వైపు నుంచి లాగి బిగించాలి. వచ్చిన కొలతని నాలుగుతో భాగించి కొత్త చైను పిచ్‌తో (పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం) పోల్చండి. ఒక్కో లింకుకి మూడు మిల్లీమీటర్లు సాగిందంటే పిన్ను-బుష్‌లని అరగని వైపుకి తిప్పే టైమొచ్చినట్టే. అప్పటికే ఒకసారి తిప్పేసి ఉంటే ఇక కొత్త సెట్టే. బుష్ ఏ వైపు అరిగిందో చేత్తో తడిమితే ఆ సంగతి తెలిసిపోతుంది. రెండు వైపులా పల్లం తగిలితే తిప్పేశారన్నమాట.

డిపో బండ్లలో అరుగుదల కంటే ఎక్కువగా కనిపించేది పట్టేసిన లింకులు. ఐడ్లర్ చుట్టూ, స్ప్రాకెట్ చుట్టూ ఏ వంపులో ఏళ్లు నిలబడ్డాయో, బండి కదిలాక కూడా అదే వంపులో మొండికేస్తాయి. గ్యాస్ కటర్ పెట్టి కాల్చేవాళ్లున్నారు, అది తప్పు, లోపలి సీలు మాడిపోతుంది. డీజిల్, పాత ఇంజన్ ఆయిల్ సగం సగం కలిపి రెండు మూడు రోజులు పిన్ను అంచుల్లో పోస్తూ, మొదటి గేర్లో మెల్లగా ముందుకీ వెనక్కీ నడపాలి. చాలావరకు వదులుతాయి.

చైను మీద బండి బరువు మోసే రోలర్ల పక్కన ఆయిల్ తడి చూడండి. పైన దుమ్ము ఎండిపోయి, కింద నల్లటి చారిక ఉంటే లోపల ఆయిల్ ఎప్పుడో అయిపోయింది. రోలర్ అరగలేదని సంతోషించకండి, లోపలి ఆయిల్ని ఆపే ఫ్లోటింగ్ సీల్ రబ్బరు రింగు గట్టిపడితే కొత్త రోలరైనా కారుతుంది. సీలు మార్చి ఆయిల్ నింపితే సరిపోయే రోలర్లని మొత్తంగా కొత్తవి కొనిపించే దుకాణాలున్నాయి, జాగ్రత్త. చైను బిగించేటప్పుడు ఐడ్లర్‌కీ క్యారియర్ రోలర్‌కీ (పై చైనుని మోసే రోలర్) మధ్య వేలాడటం 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. వదులు చెయ్యడానికి గ్రీజు వాల్వు ఒక్క చుట్టు మించి తిప్పొద్దు, దాని ఎదురుగా ముఖం పెట్టొద్దు. లోపలి ఒత్తిడికి వాల్వు ఎగిరి తగిలితే మనిషి మిగలడు.

తర్వాత సీసాల పని. ఇంజన్ సంపు (కింది ఆయిల్ తొట్టి), గేర్ బాక్సు, స్టీరింగ్ కేసు, ఫైనల్ డ్రైవ్ (స్ప్రాకెట్ని తిప్పే చివరి గేర్లు), ఒక్కోదాని డ్రెయిన్ ప్లగ్గు రెండు చుట్లు వదులు చేసి మొదట వచ్చేది పట్టండి. బండి చాలాకాలం కదలలేదు కాబట్టి నీరు అడుగున ఉంటుంది, ముందు అదే వస్తుంది. నాలుగు చుక్కల నీరు చెమ్మ. స్టీరింగ్ కేసు నుంచి పావు సీసా నీరొస్తే స్టీరింగ్ క్లచ్ (ఒక వైపు చైనుని విడదీసి బండిని తిప్పేది) ప్లేట్లు ఒకదానికొకటి తుప్పుతో అంటుకున్నాయని లెక్కేసుకోండి. లివరు లాగినా బండి తిరగకుండా తిన్నగా పోతుంది. మట్టి గట్టుకి బ్లేడు ఆనించి, లోడు మీద లివరు లాగితే ఒక్కోసారి విడిపోతాయి. లేదంటే పైనుంచి విప్పి ప్లేట్లు బయటికి తియ్యాలి. క్రేను, ఇద్దరు మిస్త్రీలు, వారం పని.

ఇంజన్ గురించి భయం ఎందుకక్కర్లేదంటే, ఎన్‌హెచ్-220లో ఆరు సిలిండర్లకి మూడు హెడ్లు, తడి లైనర్లు (చుట్టూ నీళ్లు తిరిగే, మార్చుకోగల సిలిండర్ గొట్టాలు), టర్బో లేదు. ఛాసిస్ మీదే విప్పి కట్టొచ్చు. కిట్లు దొరుకుతాయి. హెడ్డు ఫేసింగ్, వాల్వు సీటు పనులకి గాజువాక లేత్ షాపులు చాలు. లాటులో లేకపోతే నష్టమయ్యేది పీటీ పంపు (ఇంజన్‌కి డీజిల్ అందించే పంపు) ఒక్కటే. పంపు ఊడదీసిన లాటు అయితే పాటలో అంత తగ్గించి పాడండి.

చాలా ఇంజన్లు చచ్చేది డిపోలో కాదు, కొన్నాయన బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టిన మొదటి నిమిషంలో. ఎగ్జాస్ట్ పైపుకి టోపీ లేని బండిలో వాన నీళ్లు తిన్నగా సిలిండర్లోకి దిగుతాయి. కాబట్టి ముందు రాకర్ కవర్లు విప్పి, వాల్వులు పట్టేశాయేమో ఒక్కోదాన్నీ నొక్కి చూడండి. ఇన్‌టేక్ వైపు నుంచి డీజిల్-ఆయిల్ కొద్దిగా పోసి ఒక రోజు వదిలి, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టకుండా హెడ్డు దించండి. తిరిగితే కొత్త ఆయిలూ ఫిల్టర్లూ వేసి, పంపు మీది సాలినాయిడ్ (కరెంటుతో డీజిల్ దారి తెరిచే వాల్వు) వైరు పీకి, దాని మీద చేత్తో తిప్పే నాబ్ బయటికి ఉందో లేదో చూసి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. డీజిల్ అందదు, ఇంజన్ అంటుకోదు, ఆయిల్ మాత్రం పైకెక్కుతుంది. పదిహేను సెకన్లు కొట్టి రెండు నిమిషాలు ఆగాలి. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచాకే వైరు తగిలించండి. ఆ నాబ్ లోపలికి బిగించి వదిలేసి ఉంటే స్విచ్చి ఆపినా ఇంజన్ ఆగదు. పంపు పట్టేసి రేసు ఎక్కినా అంతే. ఎయిర్ ఇన్‌టేక్ మూసెయ్యడానికి చెక్క పలక ఒకటి పట్టుకుని మనిషి నిలబడాలి.

వాల్వు, నాజిల్ సెట్టింగు చెవితో చేసే మిస్త్రీకి ఇవ్వకండి. యాక్సెసరీ పుల్లీ మీద 1-6, 2-5, 3-4 వీఎస్ (వాల్వు సెట్టింగు) గుర్తులుంటాయి. నాజిల్ని ఇంచ్-పౌండ్ టార్క్ రెంచితోనే బిగించాలి. రేడియేటర్లో బోరు నీళ్లు పోయొద్దు. తుప్పు మందు కలిపిన కూలెంట్ లేకపోతే లైనర్ల బయటి గోడకి సూదిమొన గుంటలు పడి, చివరికి నీళ్లు సంపులోకి వస్తాయి.

హైడ్రాలిక్ హోసులన్నీ మార్చెయ్యాలి, బాగున్నాయా అన్న చర్చే వద్దు. వాటి మీద తయారీ ఏడాది అచ్చువేసి ఉంటుంది, చదివితే మీకే తెలుస్తుంది. అసలు ఖర్చు సిలిండర్ రాడ్లది. ఏళ్ల తరబడి బయటికి చాచి ఉన్న రాడ్డు మీద గోరు పెట్టి పొడుగునా లాగండి. గోరు తట్టుకున్న ప్రతి చోటా క్రోమ్ లేచింది. కొత్త సీల్ కిట్టు వేసినా ఆ గుంట దాన్ని కోసేస్తుంది, మళ్లీ హార్డ్ క్రోమ్ చేయించాల్సిందే. సముద్రం పక్కన నిలబెట్టిన బండ్లలో ఇది దాదాపు తప్పదు. ఇక్కడికి తెచ్చాక కూడా పని లేని రోజుల్లో బ్లేడు నేలమీద దించి, బయటికి మిగిలిన రాడ్డుకి గ్రీజు పూసి ఉంచాలి.

రవాణాకి లోబెడ్ (ఎత్తు తక్కువ ట్రైలర్) కావాలి. బ్లేడు ఊడదీసి పొడుగ్గా పడుకోబెట్టండి, 2.6 మీటర్ల వెడల్పు దాటితే జాతీయ రహదారి 16 మీద ఓవర్ డైమెన్షన్ అనుమతులు అడుగుతారు. ఇనుప చైను డోజర్ రోడ్డు మీద నడిచేది కాదు కాబట్టి ఆర్‌టీఓ గొడవ ఉండదు. అదే డిస్పోజల్‌లో వచ్చిన వీల్ లోడర్, గ్రేడర్ అయితే సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ కింద సైన్యం ఇచ్చిన బాణం గుర్తు నంబరు మీకు పనికిరాదు, కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించాలి, విడుదల కాగితం లేకుండా ఎవరూ చెయ్యరు. ఆలివ్ గ్రీన్ కూడా తీసేయించాలి, 1989 నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ వాహనాలకే.

పసుపు రంగు ఆఖర్న వెయ్యండి. మొదటి యాభై గంటల తర్వాత ఆయిల్ దించి, ఫిల్టర్ని కోసి లోపలి మడతలు చూడండి. రాగి రంగు మెరుపు కనిపిస్తే బేరింగులు విప్పాలి. మామూలు నల్లటి జిడ్డే ఉంటే పెయింటర్ని పిలవండి.